దీర్ఘకాలపు నొప్పియు, ఒక విదుషీమణి కృషియు

జ్వరము వచ్చినచో కొన్నాళ్లకు దిగిపోవును. కాలికి గాజుపెంకు గ్రుచ్చుకొన్నచో నాలుగు దినములు కుంటి, పుండు మానిన పిమ్మట మఱచిపోవుదుము. ప్రసవవేదన యంతటి బాధయు బిడ్డ యేడ్పు వినబడిన కొంతసేపటికి వెనుకబడును. కాని కారణము కనబడక, నెలలు సంవత్సరములు తరబడి నడుములోనో మోకాళ్లలోనో మెడలోనో గూడు కట్టుకొని కూర్చుండు నొప్పి యొకటి కలదు. దానిని గూర్చి వ్రాయువారు తక్కువ. దానితో కాపురము చేయు స్త్రీలు మాత్రము ప్రతి వీథియందును ఉన్నారు.

మా ఆకివీడు ప్రాంతమునే చూడుడు. ఊడ్పుల కాలమున దినమంతయు నడుము వంచి బురదలో నాట్లు వేయు ఆడవారు, రొయ్యల షెడ్లలో గంటల తరబడి నిలువుకాళ్లపై నిలిచి చల్లని రొయ్యలు వలచువారు, కొల్లేటి లంకలలో త్రాగునీటికై బిందె చంకనెత్తుకొని నడచువారు, వీరి మాట యటుండనిండు. ఇల్లు కదలని గృహిణులలోనైనను నడుము పట్టనివారు ఎందఱు? వైద్యుని యొద్దకు వెళ్లినచో ఎక్స్‌రే తీయింతురు. ఎముకలన్నియు సరిగానే యున్నవని చెప్పుదురు. ఆ మాట విని ఇంటివారు ఊఱట చెందుదురు; నొప్పి పడునామె మాత్రము క్రుంగిపోవును. ఏలయన "ఏమియు లేదట" యను మాట ఇంట పాకిన తరువాత ఆమె మూలుగు సోమరితనముగాను, పని తప్పించుకొను నెపముగాను లెక్కింపబడును. అంపశయ్యపై పరుండిన భీష్ముని బాధను శంకించినవారు కురుక్షేత్రమున లేరు. బాణములు కనబడుచుండెను గదా! బాణము కనబడని బాధను నమ్మువారెవరు?

ఈ ప్రశ్ననే చేతబట్టుకొని దశాబ్దముల తరబడి పరిశోధన చేసిన యొక స్త్రీని గూర్చి మా సోదరీమణులకు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఆమె పేరు కేథలీన్ స్లూకా. అమెరికా దేశమందలి అయోవా విశ్వవిద్యాలయమున భౌతికచికిత్సా శాఖలో ఆచార్యురాలు. అమెరికావారు ఈ విద్యను ఫిజికల్ థెరపీ యందురు. మన ఆసుపత్రులలో దీనికే ఫిజియోథెరపీ యని పేరు.

ఈ విద్యను మనవారనేకులు ఇంకను కాళ్లు పిసుకుటయనియే భావించుచున్నారు. దాని పుట్టుక తెలిసినచో అట్లనరు. 1894వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున నలుగురు నర్సులు కలిసి యొక సంఘము స్థాపించిరి. మర్దనము పేరిట ఆ కాలపు లండను నగరమున జరుగుచుండిన అనాచారములనుండి తమ వృత్తిని కాపాడుకొని, దానికి చదువు, పరీక్ష, నియమములు ఏర్పఱచుటయే వారి ఉద్దేశము. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులను మరల నడిపించుటకై అమెరికాలో అనేక యువతులు తర్ఫీదు పొందిరి. వారిలోనిదైన మేరీ మెక్‌మిలన్ అను నామె అధ్యక్షురాలుగా 1921లో స్త్రీల భౌతికచికిత్సా సంఘము వెలసెను. మన దేశమున 1950ల తొలినాళ్లలో, పోలియో వ్యాధిచే బిడ్డల కాళ్లు చచ్చుబడుచున్న దినములలో, బొంబాయి కె.ఇ.ఎమ్. ఆసుపత్రియందు ఈ విద్యకు పాఠశాల ఏర్పడెను. ఈనాడు మన రాష్ట్రమున విజయవాడయందలి ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయపు క్రింద కొన్ని సంవత్సరములు చదివినగాని ఇందు పట్టము రాదు. స్త్రీల చేతులలో పుట్టి పెరిగిన ఈ శాస్త్రము స్త్రీల నొప్పులనే లోతుగా పరిశీలించుట మాకు సంతోషము కలిగించు విషయము.

స్లూకాగారు మొదట రోగులకు చేయూతనిచ్చు భౌతికచికిత్సకురాలుగా చదివిరి. పిమ్మట టెక్సాస్ రాష్ట్రమున గాల్వెస్టన్ పట్టణమందలి వైద్య విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణ శాస్త్రములో డాక్టరు పట్టము పొంది, వెన్నుపాములో నొప్పి యెట్లు ప్రయాణించునో పరిశోధించి, అయోవా చేరిరి. రోగి మోకాలు పట్టి వంచి నిమిరినవారు ప్రయోగశాలకు పోవుట అరుదు; ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండువారు రోగి మోకాలు పట్టుట అంతకంటె అరుదు. ఆమె పరిశోధనకు విలువ తెచ్చినది ఈ రెంటి కలయికయే యని మా అభిప్రాయము.

ఆమె చేసిన పని తెలియుటకు ముందు నొప్పి యనగా నేమో కొంచెము చెప్పవలసియున్నది. ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్టు వ్రాసిన గ్రంథమొకటి ఆయన మరణానంతరము 1660లలో అచ్చుపడెను. అందు నొప్పిని గుడిగంట త్రాటితో పోల్చెను. క్రింద త్రాడు లాగినచో పైన గంట మ్రోగినట్లు, కాలికి నిప్పు తగిలినచో ఆ వార్త నరముల వెంట మెదడు చేరునట! మూడువందల యేండ్లు వైద్యులు స్థూలముగా ఈ లెక్కనే నమ్మిరి. దాని ప్రకారము త్రాడు లాగువాడు లేనిచో గంట మ్రోగరాదు. మ్రోగుచున్నదన్నచో చెప్పినవారు అబద్ధమాడుచున్నారు. ఎక్స్‌రే చూచి ఏమియు లేదని తీర్పు చెప్పు నేటి ఇంటివారును తెలియకయే డెకార్టు శిష్యులు.

1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దఱు పండితులు ఈ త్రాటి సిద్ధాంతమును త్రోసివేసిరి. వెన్నుపాములో నొక ద్వారమువంటి ఏర్పాటు కలదనియు, నొప్పివార్తను పైకి పోనిచ్చుటయో ఆపుటయో అక్కడ నిర్ణయమగుచుండుననియు వారు చెప్పిరి. స్పర్శను మోయు నరములు ఆ ద్వారమును మూయుటకు సాయపడును. బిడ్డ క్రిందపడి మోకాలు కొట్టుకొన్నచో తల్లి ఎవరు నేర్పకయే అచ్చట చేతితో రుద్దును. బిడ్డ యేడ్పు తగ్గును. ఆ రుద్దుటలోని రహస్యమిదియే. మెదడు సైతము పైనుండి ఆజ్ఞలు పంపి ఆ ద్వారమును మూయగలదు, తెఱవగలదు. అందుచేతనే పెండ్లి సందడిలో కాలు బెణికిన ఆడుబిడ్డ అప్పగింతలదాక పరుగులు తీసి, అందఱు వెళ్లిన తరువాత కుంటసాగును.

ఆ ద్వారము చెడి, మూతపడక, ప్రతి చిన్న వార్తను పెద్దది చేసి పంపుచున్నచో నేమగును? ఉత్సవమునాడు మైకు చెడినపుడు పురోహితులవారు దగ్గినను ఊరంతయు అదరిపడునట్లగును. స్వరము చిన్నదే, పెంచు యంత్రమున దోషము. మూడుమాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. అటువంటి నొప్పులలో అనేకముల యందు ఈ పెంచు దోషము పాలుగొనుచున్నదని నేడు శాస్త్రజ్ఞుల మతము.

ఈ దోషము కండరముల నొప్పియందు కలుగునను మాటను ప్రయోగపూర్వకముగా నిరూపించిన వారిలో స్లూకాగారు ముఖ్యులు. 2001లో ఆమెయు ఆమె సహచరులును ప్రకటించిన ప్రయోగము చిన్నది, కాని ఆశ్చర్యకరమైనది. ఎలుక పిక్కలో ఆమ్లము కలిపిన ఉప్పునీరు కొలదిగా ఎక్కించిరి. ఆ నీరు మన చింతపండు రసమంత పులుపైనను కాదు. కొన్ని దినములు గడచిన పిమ్మట అదే పిక్కలో మఱియొకసారి ఎక్కించిరి. కండ పాడుకాలేదు. కాని ఆ యెలుకకు వారముల తరబడి పాదములు ముట్టిన నోర్వలేని స్థితి కలిగెను. అదియు సూది వేసిన కాలియందు మాత్రమే కాదు, రెండవ కాలియందును! ఒక దినమైన పిమ్మట సూది వేసిన కండను మొద్దుబాఱు మందుతో నిద్రపుచ్చినను, ఆ వైపు నరమును వెన్నుపాము దగ్గఱ తెగగోసినను, రెండవ కాలి నొప్పి పోలేదు. త్రాడు తెగినను గంట మ్రోగుచునే యున్నదన్నమాట. నొప్పి పుట్టినది కండలో. అది కాపురము మార్చుకొన్నది వెన్నుపాములోనికి, మెదడులోనికి.

మూగజీవులను ఇట్లు బాధించుట న్యాయమా యని మాకును మనస్సు కలుక్కుమనినది. దీనికి నియమములు, అనుమతులు కలవు. అవి యున్నంతమాత్రమున ఆ యెలుక బాధ తగ్గదు. అయినను "ఏమియు లేదట" యని ఇంట చిన్నబోయిన కోట్లాది స్త్రీల పక్షమున పలికిన సాక్ష్యములలో ఈ నోరులేని ప్రాణి సాక్ష్యము గొప్పది. కండ చెడకయే నొప్పి నిలువవచ్చును, ఒకచోట మొదలైన నొప్పి తగలనిచోటికి పాకవచ్చును, అందు నటన యేమియు లేదు. ఎలుకకు నటింపవలసిన పనియేమి?

ఇక చికిత్స. స్లూకాగారి పేరు ఎక్కువగా ముడిపడియున్నది టెన్స్ అను చిన్న విద్యుద్యంత్రముతో. అరచేతిలో ఇముడు పెట్టె, దానినుండి రెండో నాలుగో తీగలు, తీగల కొసల చర్మమునకు అంటుకొను మెత్తని బిళ్లలు. విద్యుత్తు సన్నగా ప్రవహించుచు చీమలు ప్రాకినట్లు, కొట్టుకొన్నట్లు తోచును. విద్యుత్తుతో నొప్పి తగ్గించుట కొత్త సంగతి కాదు. రెండువేల యేండ్ల క్రిందట రోము సామ్రాజ్యపు వైద్యుడొకడు, స్క్రిబోనియస్ లార్గస్ అనువాడు, విద్యుత్తు పుట్టించు సముద్రపు చేపను తలనొప్పికి తలపైనను, కీళ్లవాతమునకు పాదముల క్రిందను ఉంచుమని వ్రాసిపెట్టెను. చేపలకు పుట్టినిల్లైన మా కొల్లేటిలో అట్టి చేప లేకపోయెను. కొఱమీను మాకు కూరకే పనికివచ్చుచున్నది.

1965 నాటి ద్వారసిద్ధాంతము వచ్చిన తరువాతనే ఈ యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. అయితే అవి యెట్లు పనిచేయుచున్నవో స్పష్టముగా తెలియదు. కొందఱు వైద్యులు దానిని రోగి నమ్మకపు మహిమయని కొట్టివేయుచుండిరి. 1999లో స్లూకాగారి బృందము దాని లోగుట్టు కొంత బయటపెట్టెను. మన శరీరమే నల్లమందు వంటి పదార్థములను స్వయముగా తయారుచేసికొనును. అవి పనిచేయుటకు నరములపై తాళపుకప్పలవంటి స్థానములు కలవు. విద్యుత్తును నెమ్మదిగా తట్టినచో ఒకజాతి స్థానములును, వేగముగా తట్టినచో వేఱొకజాతి స్థానములును పనిచేయుచున్నవని, ఆ స్థానములను మందుతో మూసివేసినచో యంత్రపు ఫలము పోవుచున్నదని వాపు మోకాళ్లుగల ఎలుకలయందు చూపిరి. యంత్రము బయటినుండి మందు నీయదు. లోపలి మందుకొట్టు తలుపు తట్టుచున్నదన్నమాట.

అయితే లోపలి నల్లమందునకును బయటి నల్లమందునకున్న దోషమే యున్నది. 2003లో ఆమె బృందమే కనుగొన్నది: దినదినమును ఒకే తీరున యంత్రము పెట్టినచో నాలుగైదు దినములలో శరీరము దానికి అలవాటు పడిపోవును, ఫలము తగ్గును. తట్టు వేగమును మార్చుచు కలిపి వాడినచో ఆ అలవాటు ఆలస్యమగునని తరువాతి ప్రయోగములు తెలిపినవి. మొదటి వారము బాగుగా నుండి తరువాత పనిచేయలేదని యంత్రమును అటకపై పడవేసినవారు ఈ సంగతి గమనింపదగును.

ఇంతకంటెను మాకు ముఖ్యముగా తోచినది ఇంకొకటి కలదు. టెన్స్ పనిచేయునా లేదా యని జరిగిన పరీక్షలు అనేకము పరస్పర విరుద్ధముగా తేలినవి. చాలవాటియందు రోగిని మంచముపై పరుండబెట్టి, "ఇప్పుడు నొప్పి యెంత?" యని అడిగెడివారు. స్త్రీ నొప్పి మంచముపై నుండునా? నీళ్లు తోడునపుడు, మెట్లెక్కునపుడు, నేలనుండి లేచునపుడుగదా అది పైకి వచ్చుట! అయోవాలోనే నర్సింగు శాఖలోనున్న బార్బరా రాకెల్ మఱియొక సహచరురాలితో కలిసి 2003లో కడుపు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిని పరీక్షించెను. యంత్రము పెట్టినపుడు నడకయందును గట్టిగా ఊపిరి పీల్చుటయందును నొప్పి తగ్గెను. ఊరక పరుండినపుడు మాత్రము తేడా కనబడలేదు. అడుగవలసిన ప్రశ్న అడుగకపోవుటచేత ఎన్నియేండ్లు జవాబు తప్పిపోయినదో చూడుడు. ప్రశ్నను సరిదిద్దినది రోగులను లేపి నడిపించు నర్సు యగుట వింత కాదు.

ఆ ప్రశ్ననే ఫైబ్రోమయాల్జియా అను వ్యాధి విషయమున పెద్ద పరీక్షగా నిర్వహించిరి. ఒళ్లంతయు నొప్పులు, తీఱని అలసట, నిద్రపోయినను విశ్రాంతి లేకుండుట దీని లక్షణములు. స్త్రీలలోనే తఱచు గుర్తింపబడుచున్నది. రక్తపరీక్షలలో గాని చిత్రములలో గాని పట్టుబడదు. 301 మంది స్త్రీలను మూడు గుంపులుగా విభజించిరి. ఒక గుంపునకు నిజమైన యంత్రము, రెండవ గుంపునకు ముప్పావు నిమిషము మాత్రము విద్యుత్తు పాఱి ఆగిపోవు మాయయంత్రము, మూడవ గుంపునకు ఏమియు లేదు. మందులు వాడుకొనువారు వాడుకొనుచునే యుండవచ్చును. యంత్రమును మెడ వెనుకను నడుముపైనను పెట్టుకొని, దినమునకు రెండు గంటలు, ఇంటిపనులు చేసికొనుచునే వాడుమనిరి. నాలుగు వారములైన పిమ్మట కదలికయందలి నొప్పిని కొలిచిరి. 2020లో ప్రకటింపబడిన ఫలితమిది: పదింటిలో లెక్కించు కొలతపై మాయయంత్రపు గుంపుకంటె నిజయంత్రపు గుంపున నొప్పి సుమారు ఒక పాలును, ఏమియు లేని గుంపుకంటె సుమారు 1.8 పాళ్లును అధికముగా తగ్గెను. అలసటయు తగ్గెను.

పదింట ఒకటియా యని పెదవి విఱువవలదు. ఇది అద్భుతమనియు మేము చెప్పబోము. పత్రికలలో ప్రకటనలిచ్చువారు ఇట్టి ఫలితమును చూపి నొప్పులు మాయమని వ్రాయుదురు, అది అసత్యము. ఈ పాటి ఊఱట నడచుటకు ధైర్యమిచ్చును, నడక ఇంకొక ఊఱటకు దారితీయును. స్లూకాగారి పరిశోధనలో రెండవ సగమంతయు ఈ నడకను గూర్చినదే.

ఎలుకల పంజరమున తిరుగుడు చక్రముంచినచో అవి తమంతట తామే ఎక్కి పరుగెత్తును. ఎనిమిది వారములు అట్లు పరుగెత్తిన చుంచులకు పైన చెప్పిన కండనొప్పిని కలిగింపజూచినచో అది నిలువలేదు. చక్రములేని పంజరములలోని వాటికి నిలిచెను. ఇది 2013లో ప్రకటింపబడినది. 2016లో ఇంకొక మెట్టెక్కి, వ్యాయామము చేయు ప్రాణి కండలలో కాపురముండు రక్షకకణముల స్వభావమే మాఱి, వాపును శాంతింపజేయు పదార్థమును అవి ఎక్కువగా విడుచుచున్నవని తెలిపిరి. సుశ్రుతుడు వ్యాయామమును శ్లాఘించి, అయితే తన బలములో సగముదాకనే చేయవలెనని హద్దు పెట్టెను. నేటి భౌతికచికిత్సకులు దీర్ఘకాలపు నొప్పి గలవారికి చెప్పు మాట దీనికి చాల దగ్గఱగా నున్నది.

ఇక్కడ మన ఆడవారు మమ్ము నిలదీయుదురని యెఱుగుదుము. "తెల్లవాఱింది మొదలు పనిచేయుచునే యున్నాము గదా, ఇంక వ్యాయామమెందులకు?" ప్రశ్న న్యాయమైనదే. కాని పనియు వ్యాయామమును ఒకటి కావు. నాట్లు వేయుటయందు నడుము గంటల తరబడి ఒకే వంపున నుండును; గొంతుక్కూర్చున్నపుడు మోకాలిపై భారమంతయు ఒకేచోట పడును. చిరకాలము మోకాళ్లు మడిచి బరువులెత్తు పనులు చేయువారికి మోకాటి కీలు అరుగుదల ఎక్కువయని తేలియే యున్నది. పనికి హద్దు పెట్టునది పొలము, షెడ్డు, అత్తవారిల్లు. మన శరీరము కాదు. వ్యాయామమున హద్దు మన చేతిలో నుండును. ఒకనాడు ఒంట్లో బాగున్నదని వారమునకు సరిపడు పని చేసి, మూడునాళ్లు మంచమెక్కుట మనవారి అలవాటు. దానికి బదులు ఎంతసేపు నడచినచో నొప్పి హెచ్చునో గమనించి, అంతకు ముందే ఆగి, అదే కొలతను దినమును తప్పక చేసి, వారమున కొకసారి కొంచెము పెంచుట చికిత్సకులు నేర్పు మార్గము. పది నిమిషములకు నొప్పి హెచ్చునామె ఏడు నిమిషములతో మొదలిడవచ్చును. మోకాళ్లనొప్పి కలవారు కుర్చీనుండి చేతుల ఆధారము లేకుండ మెల్లగా లేచి కూర్చుండుట, మోకాటి క్రింద చుట్టిన తువాలుంచి తొడకండను బిగించి వదలుట నేర్చుకొన్నచో తొడ బలపడి కీలుపై భారము తగ్గును. ప్రారంభమున నొప్పి కొంత యెక్కువైనను, మఱునాటికి మొదటి స్థితికి వచ్చుచున్నచో భయపడ నక్కఱలేదు. మూడునాళ్లు విడువకున్నచో కొలత తగ్గించుకొనవలెను.

పరుండి విశ్రమించుటయే నొప్పికి మందను నమ్మకము మన ఇండ్లలో బలముగా నున్నది. మంచిమనస్సుతోనే "నీవు కదలకు, మేము చేసెదము" అని కోడండ్రు అత్తగారిని కూర్చుండబెట్టుదురు. ఆఱుమాసములలో ఆమె తొడలు సన్నగిల్లును, అడుగు తడబడును. ఇట్టి ప్రేమను గూర్చి కఠినముగా వ్రాయలేము గాని, అత్తగారి చేతికి కూరగాయల గంప నిచ్చి ఆకులు కోసికొని రమ్మని దొడ్డిలోనికి పంపు కోడలే మాకు వివేకవతిగా తోచుచున్నది.

దీనికి మాఱుగా మన ప్రాంతమున జరుగుచున్నదేమి? ఊడ్పులు కాగానే ఒకటి, కోతలు కాగానే ఒకటి నొప్పిసూదులు. మాటిమాటికి వేయించుకొను ఆ సూదులు, మందులకొట్టులో చీటీ లేకుండ కొను బిళ్లలు కడుపున పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెఱచును. అమెరికాలో ఇంతకంటె ఘోరము జరిగెను. 1990ల చివఱినుండి నల్లమందు జాతి మాత్రలను దీర్ఘకాలపు నొప్పులకు విచ్చలవిడిగా వ్రాసిరి. లక్షలమంది ప్రాణములు పోయినవి. 2016లో అక్కడి ప్రభుత్వపు వ్యాధినివారణ సంస్థ, దీర్ఘకాలపు నొప్పులకు వ్యాయామము మొదలగు మందులేని చికిత్సలను, నల్లమందు జాతి కాని మందులను ముందుగా చూడవలెనని వైద్యులకు సూచించెను. ఆ దేశమున కెంటకీ రాష్ట్రపు పడూకా పట్టణమున నొప్పివైద్యము చేయు మన తెలుగువారు మంచికంటి లక్ష్మయ్యగారు 1998లో సూదిమార్గమున నొప్పికి చికిత్స చేయు వైద్యుల సంఘమును స్థాపించిరి. ఏ రోగికి ఎవరు ఏ మాత్రలు వ్రాయుచున్నారో రాష్ట్రములు లెక్క పెట్టుటకై 2005లో వచ్చిన చట్టము వెనుక ఆ సంఘపు కృషి కలదు. లక్ష్మయ్యగారి మార్గము వేఱు, స్లూకాగారి మార్గము వేఱు. వెన్నెముక సూదులు ఎవరికి ఎంత మేలు చేయునను వాదము వైద్యలోకమున ఇంకను తెగలేదు. నడక, వ్యాయామము వలన మూత్రపిండములు చెడుట మాత్రము ఎవరు వినలేదు.

నొప్పిని నమ్ముట యను మాటకు మరల వత్తుము. ప్రపంచపు నొప్పి పరిశోధకుల సంఘము 1979లో నొప్పికి చేసిన నిర్వచనమును 2020లో సవరించెను. సవరించిన కమిటీకి అధ్యక్షులు శ్రీనివాస రాజాగారు. ఆ నిర్వచనపు వివరణలో, ఒక మనిషి తనకు నొప్పియని చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెనను వాక్యార్థము చేర్చిరి. నోట చెప్పలేనివారికి సైతము నొప్పి యుండవచ్చునని కూడ చెప్పిరి. ఇది శాస్త్రజ్ఞులు చేసిన తీర్మానము. జాలికొలది వ్రాసిన మాట కాదు. దీని వెనుక స్లూకాగారివంటి పరిశోధకుల ఏండ్ల శ్రమ కలదు. ఆమె సంపాదకత్వమున భౌతికచికిత్సకుల కొఱకు 2009లో వెలువడి, 2016లో మరల విస్తరింపబడిన నొప్పిగ్రంథము, చేతితో పనిచేయువారు సైతము నరముల మర్మము తెలిసి పనిచేయవలెనని నేర్పుచున్నది.

మా పాఠకురాండ్రలో ఎవరైన చికిత్సకై వెళ్లదలచినచో కొన్ని సంగతులు మనస్సున నుంచుకొనుడు. కాళ్లలో బలము తగ్గుచున్నను, మూత్రము మలము స్వాధీనము తప్పినను, నొప్పితో జ్వరముగాని కారణములేని బరువు తగ్గుదలగాని యున్నను, పూర్వము పుట్టకురుపు వ్యాధి సోకియున్నను, పడిన పిమ్మట మొదలైన నొప్పియైనను, వ్యాయామమని జాగుచేయక ముందు వైద్యునే చూడవలెను. గుండెకు యంత్రము అమర్చుకొన్నవారు టెన్స్ ముట్టరాదు. గర్భిణులు వైద్యుని అడుగకుండ వాడరాదు. గొంతు ముందుభాగమున, పుండ్లపైన ఎవరును బిళ్లలు అంటింపరాదు. విద్యుత్తు బలము తెలిసీ తెలియనట్లుగా పెట్టినచో ఫలము తక్కువ. బాధలేకుండ ఓర్చుకొనగలిగినంత పెంచుకొనవలెను.

భీమవరమునకో ఏలూరునకో చికిత్సకునియొద్దకు పోవుట మన గ్రామస్త్రీలకు సులభము కాదు. బస్సు, ఒకనాటి కూలి, తోడు వచ్చు మనిషి, ఇవన్నియు కావలెను. కనుక పోయిన ఒక్కసారి వృథా కాకుండ చూచుకొనవలెను. పోవుటకు ముందు ఒక పక్షము దినములు చిన్న పుస్తకమున వ్రాసిపెట్టుకొనుడు: ఏ పనిలో నొప్పి లేచినది, ఎంతసేపటికి లేచినది, ఎంతసేపటికి దిగినది, రాత్రి నిద్రపట్టినదా, పదింటిలో ఎంత. వ్రాత రానివారికి ఇంట చదువుకొను పిల్లలు వ్రాసిపెట్టుదురు. అక్కడ వెచ్చని దీపము క్రింద పరుండబెట్టి, విద్యుత్తు పెట్టి పంపివేయుచున్నచో ఊరుకొనక, ఇంటివద్ద నేను చేయవలసిన వ్యాయామమేది, ఎన్నిమాఱులు, ఎప్పుడు పెంచవలెను అని అడుగుడు. నేర్పిన దానిని వారి యెదుటనే ఒకసారి చేసి చూపి, తప్పున్నచో దిద్దించుకొని రండు.